పూడ్చిన పైపు

ఎనిమిదిన్నరకే డంపు మేనేజర్ జలంధర్ జీపు పరమేష్ ఇంటి ముందు ఆగింది. పరమేష్ అప్పుడే పళ్లు తోముకుంటున్నాడు.

"నోరు కడుక్కొని జల్దీ ఎక్కు," అన్నాడు జలంధర్ కిందికి దిగకుండానే. "పదకొండు గంటలకు కోర్టు మేడం వస్తాంది. గప్పటికల్ల గుండ్లకుంట కాడ పైపు కనపడొద్దు."

జీపు వెనక సీట్లో నలుగురున్నారు. వాళ్లెవరూ ఊరివాళ్లు కాదు. కాళ్ల దగ్గర ఇనుప రాడ్లున్నాయి. పరమేష్ వాటిని చూశాడు, చూడనట్టే ఎక్కి కూర్చున్నాడు.

పరమేష్‌ది గౌడవెల్లి. ఆరేళ్లుగా ఊరికీ శామీర్‌పేటకూ మధ్య ఉన్న డంపులో పొక్లెయిన్ నడుపుతున్నాడు. పట్నం చెత్తంతా లారీల్లో వచ్చి అక్కడ పడుతుంది. పడినదాన్ని ఎగదోసి గుట్ట చేయడం అతని పని. ఎండకు, వానకు ఆ గుట్ట అడుగు నుంచి నల్లనీళ్లు ఊరుతాయి. వాటిని శుద్ధి చేస్తున్నామనీ, ఒక్క చుక్క కూడా బయటికి పోదనీ డంపు నడిపే కంపెనీ కోర్టులో ప్రమాణపత్రం వేసింది. నిజానికి నల్లనీళ్లు భూమిలో పూడ్చిన పైపు గుండా వెళ్లి ఊరి గుండ్లకుంటలో పడుతున్నాయి. రెండేళ్ల కింద ఆ పైపుకు కందకం తవ్వింది పరమేషే. వాననీళ్ల కోసమని చెప్పారు. వాననీళ్లు కావని మొదటి రోజు వాసనకే అతనికి తెలిసింది.

ఊరివాళ్లు వేసిన కేసులో మొదటి పేరు అన్వర్‌ది. గుండ్లకుంటలో నీళ్లు తాగి అతని బర్రెలు ఐదు ఒక్క వారంలో నురగలు కక్కి చచ్చాయి. కేసు వాయిదాల మీద వాయిదాలు పడింది. అవునంటే కాదనడంతోనే కాలం గడిచింది. చివరికి జడ్జి విసిగిపోయి ఒక వకీలును కమిషనర్‌గా వేసి, మీరే వెళ్లి కళ్లారా చూసి, కుంటలో పడే నీళ్లను సీసాల్లో పట్టి సీలు వేసి తెమ్మన్నాడు. ఆ వకీలు వచ్చే రోజు ఇది.

అన్వర్, పరమేష్ ఒకప్పుడు ఒకే బండి మీద మేడ్చల్ ఫ్యాక్టరీకి పోయేవాళ్లు. పరమేష్ తాగి రోడ్డు పక్కన పడిపోయిన రోజుల్లో ఇంటికి మోసుకొచ్చింది అన్వరే. కేసు వేశాక మాటలు తగ్గాయి. ఎదురైతే తల ఊపుకునేవాళ్లు, అంతే.

డంపు కాడ జీపు దిగి పరమేష్ ఎక్కిన పొక్లెయిన్ కుంట గట్టు దిగేసరికి అన్వర్ పైపు మూతి దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కనే అతని భార్య జహేదా, ఆమె తమ్ముడు షాహబాజ్, ముసలి గౌరయ్య, ఇంకో పది మంది ఉన్నారు. గడ్డి కోస్తూ కోస్తూ వచ్చిందేమో, జహేదా చేతిలో కొడవలి అట్లాగే ఉంది.

జీపులోంచి నలుగురూ దిగారు. అడగలేదు, బెదిరించలేదు. ముందువాడు నేరుగా గౌరయ్య దగ్గరికి నడిచి రాడ్డుతో నెత్తి మీద కొట్టాడు. ముసలాయన కేక కూడా వేయలేదు. మోకాళ్ల మీద కూలబడ్డాడు. తెల్ల రుమాలు చూస్తుండగానే ఎర్రబడింది. ఆడవాళ్లు అరుస్తూ గట్టెక్కి పరుగెత్తారు. షాహబాజ్ ఒకణ్ని పట్టుకుని నేలకేశాడు. ఇద్దరు వచ్చి అతని వీపు మీద, పక్కల మీద బట్టలు ఉతికినట్టు ఉతికారు. రాడ్డు పడ్డప్పుడల్లా దబ్ దబ్‌మని చప్పుడు పొక్లెయిన్ క్యాబిన్ దాకా వినిపించింది.

అన్వర్ మాత్రం ఎవరి మీదికీ పోలేదు. వెనక్కి తిరిగి పైపు మీద అడ్డంగా పడుకున్నాడు. రెండు చేతులతో దాన్ని కరుచుకున్నాడు. ఒకడు వచ్చి డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు. అన్వర్ పట్టు వదల్లేదు.

జలంధర్ పొక్లెయిన్ చైను మీదికెక్కి క్యాబిన్‌లోకి తల పెట్టాడు. "ఏం జూస్తున్నవ్? బకెట్ దించు."

"మనిషి ఉన్నడు సార్."

"దించితే వాడే లేస్తడు. దించు!"

పరమేష్ లీవరు ముందుకు తోశాడు. బకెట్టు దిగసాగింది. అన్వర్ పైకి చూశాడు. బకెట్టును కాదు, అద్దంలోంచి పరమేష్‌ను చూశాడు. లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అనుకున్నాడు పరమేష్. సరిగ్గా అప్పుడే ఎవడో జహేదాను జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమె కేకకు అన్వర్ ఆ వైపు తిరిగాడు. లీవరు వెనక్కి లాగడానికి టైముంది. పరమేష్ చెయ్యి దాని మీదే ఉంది. లాగలేదు.

బకెట్టు పళ్లు అన్వర్ ఎడమ మోకాలి కింద దిగాయి. పచ్చి కట్టె విరిగినట్టు చప్పుడైంది.

తర్వాత అన్వర్ గొంతు వినిపించింది. అది తిట్టు కాదు.

"పరమేశా... బకెట్ లేపు... మెల్లగ లేపు రా."

పరమేష్ మెల్లగా లేపాడు. బకెట్టు పళ్లకు బట్ట పీలిక అంటుకుని వచ్చింది. దాని వెంట ఇంకేదో కూడా వచ్చింది. అతను క్యాబిన్‌లోనే వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని తలెత్తేసరికి జహేదా ఎదురుగా ఉంది. చైను మీదికి ఎప్పుడెక్కిందో! ఆమె కొడవలి గాలిలో లేచింది. మెడ మీదికి రావాల్సిన దెబ్బకు అతను చెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం చీలిపోయింది. ఆమె మళ్లీ ఎత్తింది. వెనక నుంచి ఒకడు ఆమె కొంగు పట్టి లాగి కింద పడేశాడు. పడ్డదాని మొహం మీద బూటు కాలితో తొక్కాడు.

షాహబాజ్ పక్కలు పట్టుకుంటూనే లేచాడు. ఊరివాళ్లు ముగ్గురు కలిసి అన్వర్‌ను, గౌరయ్యను ఆటోలో వేశారు. అన్వర్ కాలు ఒక దిక్కుకు, పాదం ఇంకో దిక్కుకు వేలాడుతోంది. షాహబాజ్ అక్కను ఎక్కమన్నాడు.

జహేదా పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారుతోంది. "నువ్ తీస్కపో. నేను రాను."

"ఆపా, భాయ్ బతుకుతడో లేదో!"

"గాయన గీ పైపు కోసమే పండుకున్నడు. నేను గూడ పోతే వీళ్లు దీన్ని మాయం జేస్తరు. జల్దీ పో!"

ఆటో మేడ్చల్ దవాఖానా వైపు దూసుకుపోయింది.

జలంధర్ వచ్చి పరమేష్ భుజం తట్టాడు. "మంచిగ జేసినవ్. ఇగ మట్టి కొట్టు. కారు రింగు రోడ్డు దిగిందట."

పరమేష్ మట్టి కొట్టాడు. చేతికి తువ్వాలు చుట్టుకుని, నెత్తురు మోకాళ్ల మీదికి కారుతుంటే, బకెట్టు తర్వాత బకెట్టు పోశాడు. పైపు పోయింది, అన్వర్ నెత్తురు పోయింది, చదునైన ఎర్రమట్టి మిగిలింది. చివరి బకెట్టు పోశాక జహేదా నడిచి వచ్చి సరిగ్గా ఆ మట్టి మీద కూర్చుంది. ఇద్దరు మగాళ్లు లాగినా లేవలేదు. అంతలో గట్టు మీద తెల్లకారు ఆగింది.

కమిషనర్ శ్రీదివ్యకు ముప్పై ఏళ్లుంటాయి. వెంట ల్యాబు మనిషి ఒకడు సీసాల పెట్టె పట్టుకుని దిగాడు. ఆమె మట్టి పడని చోట మిగిలిన నెత్తురును, జహేదా మొహాన్ని చూసింది.

"ఇక్కడ ఏం జరిగింది?"

జలంధర్ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "యాక్సిడెంటు మేడం. ఒకడు పొద్దున్నే తాగొచ్చి మిషన్ కింద పడ్డడు. ఆపరేటర్ భయపడి పారిపోయిండు. ఇక్కడ పైపు గియిపు ఏం లేదు, మీరే చూడుండ్రి."

"అబద్ధం!" జహేదా గొంతు చీరుకుపోయింది. "మా ఆయన జిందగీల తాగలే!"

కారును చూసి క్యాబిన్ దిగిన పరమేష్ పొక్లెయిన్ వెనక నక్కి ఉన్నాడు. పారిపోయినవాడిగా అతని పేరు అప్పుడే ఖాయమైంది. అట్లాగే ఉండిపోతే సరిపోయేది. కానీ తాగొచ్చి పడ్డాడన్న మాట అతని చెవిన పడింది. రోడ్డు పక్కన కక్కుకుని పడున్న తన నోరు తుడిచి, చెప్పులు వెతికి తొడిగి, బండి మీద కూర్చోబెట్టుకున్న మనిషిని తాగుబోతు అంటున్నారు. కాలు విరగ్గొట్టి, పేరు కూడా చెడగొడుతున్నారు.

అతను ముందుకొచ్చాడు.

"నేను పారిపోలే మేడం. ఆపరేటర్ని నేనే. అన్వర్ భాయ్ తాగడు. తాగేది నేను. లేస్తడనుకొని బకెట్ దించిన. లేవకున్నా దించిన. పైపు గామె కిందనే ఉన్నది."

శ్రీదివ్య అతని చేతికి చుట్టిన ఎర్ర తువ్వాలు వైపు చూసింది. "తవ్వి చూపించగలరా?"

అతను క్యాబిన్ ఎక్కాడు. జహేదా లేచి పక్కకు జరిగింది కానీ కళ్లు అతని మీది నుంచి తీయలేదు.

మొదటి బకెట్టు లేచేసరికి రాయి వచ్చి ముందు అద్దం పగిలింది. గాజు పెంకులు కళ్లలోకి, నోట్లోకి ఎగిరాయి. రెండో బకెట్టుకు ఒకడు క్యాబిన్‌లోకి ఎగబాకి రాడ్డుతో భుజం మీద బాదాడు. ఎముక జారిన సంగతి పరమేష్‌కు తెలిసింది. ఎడమ చెయ్యి చచ్చుబడింది. తెగిన కుడి చేత్తోనే లీవరు తోశాడు. రాడ్డు దవడ మీద పడింది. రెండు పళ్లు ఊడి నాలిక మీదికొచ్చాయి. ఉమ్మేసి మళ్లీ తోశాడు. బకెట్టు పళ్లు పైపుకు తగిలాయి. పైపు పగిలింది.

నల్లనీళ్లు నిలువెత్తున ఎగిశాయి. కుళ్లిన పశువు కడుపు కోసినట్టు వాసన. జలంధర్ చొక్కా మీద, ఆయన మనుషుల మొహాల మీద, పొక్లెయిన్ మీద అంతటా పడ్డాయి. ల్యాబు మనిషి మోకాళ్ల మీద కూర్చుని సీసా పట్టాడు. ఒకటి నిండింది. రెండోది నిండుతుండగా పెట్టె మీద జలంధర్ మనిషి ఒకడి కాలు పడింది. సీసాలన్నీ పెంకులయ్యాయి. శ్రీదివ్య నిండిన సీసాను గుండెకు హత్తుకుని వెనక్కి తిరిగింది. ఒకడు ఆమె జడ పట్టి వెనక్కి గుంజాడు. ఆమె వెల్లకిలా పడింది. తల రాయికి తగిలింది. సీసా మాత్రం వదల్లేదు. వాడు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విరుస్తుంటే జహేదా రెండు చేతులతో బండరాయి ఎత్తి వాడి మోకాలి చిప్ప మీద వేసింది. వాడు ఊళపెడుతూ పక్కకు దొర్లాడు.

అప్పటికి గట్టు మీద ఊరు ఊరంతా చేరింది. అన్వర్ సంగతి తెలిసి గౌడవెల్లి నుంచి వచ్చినవాళ్లు ఆగలేదు. జీపెక్కి పారిపోబోతున్న జలంధర్‌ను లాగి నల్లనీళ్లలో ముంచారు. లేపారు, మళ్లీ ముంచారు. "శుద్ధి జేసిన నీళ్లే గద, తాగు!" అని ఎవరో అరిచారు. ఇంకో రెండు మునకలకు ప్రాణం పోయేదే. శ్రీదివ్య తలకు చెయ్యి అదిమిపట్టుకుని వచ్చి మధ్యలో నిలబడింది.

"ఈయన చస్తే మీ కేసు చస్తుంది! వదలండి!"

వదిలారు. పోలీసులు వచ్చేసరికి ఆమె కారు బానెట్ మీద పంచనామా రాస్తోంది. రెండు వేళ్లు వంకర తిరిగాయి. ఎడమ చేత్తోనే లక్క కరిగించి సీసాకు సీలు వేసింది. సాక్షిగా జహేదా సంతకం చేసింది. ఆపరేటర్‌గా పరమేష్ సంతకం చేశాడు. కాగితం మీద ఇద్దరి నెత్తురూ అంటింది.

మిగిలిన ఆ ఒక్క సీసా సరిపోయింది. కోర్టు డంపులోకి కొత్త లారీలు రానివ్వలేదు. పైపును కాంక్రీటుతో మూయించింది. పదిహేను రోజులకోసారి వచ్చి నీళ్లు పరీక్షించేందుకు కమిటీ వేసి, అందులో ఊరి తరఫున జహేదాను పెట్టింది. జలంధర్, ఆయన మనుషులు జైలుకు పోయారు. వాళ్లతో పాటే పరమేష్ కూడా. కంపెనీ వకీలు అతన్ని వెనకేసుకొస్తానంటే వద్దన్నాడు. "చేసిన," అన్నాడు జడ్జితో. అన్వర్ కాలును తొడ దాకా తీసేశారు.

శిక్ష ముగిసి బయటికొచ్చిన మూడో రోజు పరమేష్ అన్వర్ ఇంటికి వెళ్లాడు. అన్వర్ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పరమేష్ నోటి వైపు చూసి, "పళ్లు కట్టించుకోలేదా?" అన్నాడు.

పరమేష్ ఏడ్చాడు. జహేదా లోపలి నుంచి వచ్చింది.

"మాఫీ అడగనీకి వచ్చినవా? నా తాన లేదు. పో."

"మాఫీకి రాలే భాభీ. పైపు మూసినా నీళ్లల్ల విషం తగ్గుత లేదంట గద. కమిటీకి ఎందుకో సమజ్ అయితలేదంట గద."

"అయితే?"

"ఇంకో పైపు ఉన్నది. గుట్టకు ఉత్తరం దిక్కు. గది గూడ నేనే తవ్విన. గా దినం మేడం ఒక్క పైపు గురించే అడిగింది, నేను ఒక్కదాని గురించే చెప్పిన. రెండోదాని గురించి జైల్ల గూడ ఎవ్వలికి చెప్పలే. భయమైంది."

అన్వర్ కళ్లు మూసుకున్నాడు. జహేదా పెదవి మీది పాత మచ్చ తెల్లగా పాలిపోయింది. కొట్టడానికి చెయ్యి ఎత్తింది. పరమేష్ మొహం తిప్పుకోలేదు.

ఆమె చెయ్యి దించి, గోడకున్న గడ్డపార అందుకుని, శ్రీదివ్యకు ఫోను కలిపింది.

"నువ్ ముందు నడువు," అంది పరమేష్‌తో. "నా కండ్ల ముందల నడువు."