మిల్లులో సన్మానం

నారాయణఖేడ్ శివారులో పత్తి మిల్లు. పొద్దున్నే గేటు దగ్గర హాజరు పిలిచే మేస్త్రీ జగదీశ్వర్ అందరినీ పేర్లతోనే పిలుస్తాడు, భాగ్యను మాత్రం "మొండిచెయ్యీ" అంటాడు. ఆ చెయ్యిని మింగింది ఆ మిల్లు మిషనే! పలక్కపోతే పని లేదు. తోటి ఆడవాళ్లూ అదే పిలుపుకు అలవాటుపడ్డారు, పైగా నవ్వుతారు.

అలాంటి మేస్త్రీ ఆవేళ "భాగ్యమ్మా, మంచిగున్నవా?" అన్నాడు. లోపల టెంటు, కుర్చీలు, "దివ్యాంగురాలు భాగ్యకు సన్మానం" అని ఫ్లెక్సీ. సేటు శంకరప్ప స్వయంగా చాయ్ తెప్పించాడు. వీడికింత ప్రేమ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఆమె చాయ్ ముట్టలేదు.

మనూర్ నుంచి రోజూ తనతో ఒకే ఆటోలో వచ్చే రుక్కమ్మ కూడా మొహం చాటేస్తోంది. నిలదీస్తే బయటపెట్టింది. భాగ్య చెయ్యి పోయిన సంగతిపై ఎవరో చేసిన ఫిర్యాదు మీద కార్మిక శాఖ ఆఫీసరు వస్తున్నాడట. చెయ్యి పుట్టుకతోనే లేదని సేటు చెప్తాడట, అందరూ తలూపాలట, ఊపనివాళ్లకు పని ఉండదట.

"నువ్వు ఊపుతవా అక్కా?"

"ఊపుతనన్న," అంది రుక్కమ్మ నేల చూస్తూ.

ఆఫీసరు వచ్చాడు. సేటు శాలువా పట్టుకుని, ఈ బిడ్డ దేవుడిచ్చిన లోపంతో పుట్టిందని మైకులో మొదలుపెట్టాడు. భాగ్య శాలువా తోసేసింది.

"దేవుని మీదికి నూకకు సేటూ. రెండు చేతులతోనే నీ మిల్లుకొచ్చిన. నిన్నటిదాక మొండిచెయ్యి అన్నరు, ఇయ్యాల దివ్యాంగురాలు అంటున్నరు. నా పేరు భాగ్య. చెయ్యి నీ మిషన్ల పోయింది, గది చెప్పు."

ఆడవాళ్లవైపు తిరిగింది. "మీరు గూడ గట్లనే పిలిచిన్రు. ఇప్పుడన్న నోరిప్పుతరా?"

ఎవరూ కదల్లేదు. అందరూ అమ్ముడుపోయారనుకుంది భాగ్య. అప్పుడు రుక్కమ్మ లేచింది. మిషనుకు అడ్డం జాలీ లేదని ముందే మొత్తుకున్నామని, ఆ రోజు తాను పక్కనే ఉన్నానని చెప్పింది. ఇంకొకామె లేచింది, తర్వాత టెంటు టెంటంతా లేచింది.

ఆఫీసరు తర్వాత చూద్దామంటూ జీపువైపు నడిచాడు. వీడినీ నమ్మేది లేదనుకుంది భాగ్య. తాము చెప్పింది ఇక్కడే, తమ ముందే రాయమంటూ వెళ్లి జీపుకు అడ్డంగా కూర్చుంది. ఆడవాళ్లంతా ఆమె చుట్టూ కూర్చున్నారు.

సేటు ఫోను చేస్తే పోలీసులు వ్యానులో దిగారు. ఆ చెయ్యి లేనిదాన్ని ముందు ఎక్కించండని ఎస్సై అరిచాడు.

రుక్కమ్మ భాగ్య భుజం పట్టుకుంది. "ఆమె పేరు భాగ్య. పేరువెట్టి పిలువు సారూ. పిలిస్తే అందరం ఎక్కుతం."