కాపలా లేని కోట

డెక్‌లో ఎర్ర డేగ లేదు.

కార్డులన్నీ మళ్లీ మొదటి నుంచి తిప్పి చూసింది పిడుగు. లేదు. వేళ్ల చివర్లు చెమటతో జారుతున్నాయి. ఫైనల్ సగంలో ఉండగా ‘వేట’ కార్డు వేసింది. అది వేస్తే సొంత డెక్ అంతా వెతికి కావలసిన కార్డు ఒకటి చేతిలోకి తీసుకోవచ్చు. తీరా వెతికితే కావలసిందే మాయం.

"ఎంతసేపు తల్లీ? గుడ్లు పెడుతోందా నీ డేగ?" అన్నాడు ఎదురుగా కూర్చున్న సోడాబుడ్డి. ఫోటో స్టూడియో నడుపుతాడు. కళ్లద్దాలు ముక్కు మీదికి జారితే తప్ప నోరు మూయడు.

పిడుగు చేతికందిన కార్డు ఒకటి లాగింది. గోడ మరమ్మతు. ఎందుకూ పనికిరాదు. దాన్ని ఎవరికీ కనపడకుండా చేతిలోని కార్డుల మధ్య దోపి, "దొరికింది" అంది.

బల్ల చుట్టూ మిగతా ముగ్గురూ కుర్చీల్లో సర్దుకున్నారు.

అసలు పని లిఫ్టులు బాగుచేయడమైనా, కార్డుల షాపులో అందరికీ ఆమె పిడుగే. నలుగురు ఆడే ఆటలో ఎవరైనా గోడ కట్టుకుని, మిగతావాళ్లు కొట్టుకుని అలసిపోయేదాకా చూస్తారు. ఆమెకు అంత ఓపిక లేదు. మొదటి నుంచే మీద పడుతుంది. ఎర్ర డేగ కోటగోడల పైనుంచి ఎగిరొచ్చి కొడుతుంది. విలుకాడు కాపలా ఉంటే తప్ప దాన్ని ఆపలేరు. ఆమె పుణ్యమా అని షాపులో ప్రతి డెక్‌లోనూ విలుకాళ్లు చేరారు.

ఈ ఫైనల్ గెలిచినవాళ్లనే షాపు పెద్ద పోటీకి పంపుతుంది. కిందటి రెండుసార్లూ అందరూ ఏకమై ఆమెను నేలకరిపించారు. ఈసారి వదులుకోదలచుకోలేదు.

కానీ ఆట అయ్యాక షాపాయన గెలిచినవాళ్ల డెక్ లెక్కపెడతాడు. కార్డు తగ్గితే గెలుపు చెల్లదు. ఎవరో తీశారని ఆట నడుస్తుండగానే పేరు చెప్పి పట్టిస్తే దొంగ బయటికి పోతాడు, కార్డు తిరిగొస్తుంది, ఆట సాగుతుంది. పేరు తప్పయితే చెప్పినవాళ్లే బయటికి. ఒకప్పటి పెద్ద గొడవ తర్వాత షాపాయన పెట్టిన రూలు అది.

పొద్దున లెక్క సరిపోయింది. మధ్యలో విరామం ఇచ్చినప్పుడు ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోనొస్తే, పిడుగు డెక్ బల్ల మీదే వదిలి బయటికెళ్లి మాట్లాడింది. అప్పుడు ఇక్కడున్నది ఈ ముగ్గురే.

సోడాబుడ్డి. ఆమె తిరిగొచ్చేసరికి ఆమె కుర్చీలోనే కూర్చుని పళ్లు కుట్టుకుంటున్నాడు.

బల్ల కింద ఆమె మోకాలు ఆగకుండా ఊగుతోంది. దూకుడు తగ్గిస్తే అందరికీ అనుమానం వస్తుంది. సైనికుల కార్డులు అడ్డంగా తిప్పి సోడాబుడ్డి కోట మీదికి తోలింది. అడ్డంగా తిప్పిన కార్డు దాడికి వెళ్లినట్టు. మళ్లీ తన వంతు వచ్చేదాకా కాపలాకు పనికిరాదు.

"నేనేం చేశానమ్మా! ఎప్పుడూ ముందు మీ అక్కనే కదా కొట్టేది!"

"రోజూ ఒకే కూరైతే విసుగు కదా అన్నా."

అందరూ నవ్వారు. పిడుగు పక్కనే ఉన్న అక్క కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

మాస్టారి వంతు వచ్చింది. లెక్కల మాస్టారు. చూపుడు వేలితో గాలిలో కూడికలు వేసి, దాడికి పోకుండా విలుకాళ్లిద్దరినీ నిలువుగానే ఉంచాడు. "ఆవిడ చేతిలో డేగ పెట్టుకుని మనం షికారుకెళ్తామా?"

పిడుగు ఊపిరి పీల్చుకుంది. మాస్టారు డేగకు భయపడుతున్నాడు. అంటే అది పోయిందని ఆయనకు తెలియదు.

ఇక సోడాబుడ్డి. ఇతను విలుకాడిని దాడికి పంపితే చాలు, దొరికిపోయినట్టే. అతను విలుకాడి మీద వేలు పెట్టాడు. ఆమె మోకాలు ఆగింది. అతను ఆమె చేతిలోని కార్డులకేసి చూసి వేలు వెనక్కి లాక్కున్నాడు. "వద్దులే. అసలే గాయాల్లో ఉన్నాను."

పిడుగు చూపు పక్క కుర్చీ వైపు తిరిగింది.

మిగిలింది ఒక్కరు. ఆమెకు ఈ ఆట నేర్పిన మనిషి.

"అందరూ ఇంతగా వణికిపోతే ఎలా?" అంటూ అక్క తన విలుకాళ్లను ఒక్కొక్కరినీ అడ్డంగా తిప్పి చెల్లెలి కోట మీదికి పంపింది. ఒక్కడూ కాపలా లేడు.

మాస్టారు నోరెళ్లబెట్టాడు. "అదేంటమ్మా, ఇల్లు తలుపులు తీసిపెట్టి వెళ్లిపోయావు?"

"దూకుడు దీని ఒక్కదాని సొత్తా, మాస్టారూ?"

పిడుగు తన కోట నష్టం రాసుకుంది. తిరిగి తన వంతు.

"దింపు తల్లీ, డేగను దింపు!" సోడాబుడ్డి బల్ల మీద చరిచాడు. "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?"

స్టూలు మీద కూర్చున్న షాపాయన కూడా ముందుకు వంగాడు.

పిడుగు గొంతు తగ్గించింది. "అక్కా, నా చేతిలో డేగ ఉందని తెలిసి కూడా విలుకాళ్లందర్నీ పంపేశావేం?"

అక్క ఒళ్లోని హ్యాండ్‌బ్యాగు కొంచెం దగ్గరికి లాక్కుంది.

"నువ్వే తీసిచ్చెయ్. కింద పడి ఉంటే దొరికిందను. నేను నోరెత్తను."

"ఎందుకే అంత దయ?" అక్క కూడా గుసగుసగానే అంది. "ప్రతి ఆటలోనూ మొదటి దెబ్బ నాకే. ఎందుకు? నేను పగబట్టనని. అక్కే కదా, ఏడ్చి ఊరుకుంటుందని. రెండేళ్లుగా నీ డేగ కింద పడి, అందరికంటే ముందు లేచి ఇంటికెళ్లేది నేను. ఒక్కరోజు దాని రెక్కలు కట్టేస్తే ఎలా ఉంటుందో చూడాలనిపించింది."

"నాతో అనొచ్చు కదా!"

"ఎప్పుడు అనాలి? నువ్వెప్పుడు ఆగావని? ఇప్పుడు చెప్పు, ధైర్యముంటే అందరి ముందూ చెప్పు. లేదా డేగ లేకుండానే ఆడి, గెలిచి, లెక్కలో దొరికిపో."

"ఏంటమ్మా ఆ గుసగుసలు?" షాపాయన స్టూలు దిగాడు. "ఆడతావా, వంతు వదిలేస్తావా?"

పిడుగు అక్క కోటకేసి చూసింది. ఒక్క కాపలా లేదు. ఎటు నుంచి కొట్టినా తగిలేలా ఉంది.

చేతిలోని కార్డులు బల్ల మీద బోర్లించింది.

"నా ఎర్ర డేగ పోయింది. తీసింది మా అక్క."