ఏడో పేరా

విడాకులకు ఏమేం కావాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పెళ్లి ఫోటో, ఇద్దరి గుర్తింపు కార్డులు, ఎందుకు విడిపోవాలో పేరాలవారీగా, చివర ప్రమాణపత్రం మీద సంతకం. కోర్టు ఎదుట షెడ్డులో పదహారేళ్లుగా టైపు చేస్తున్నాను. ఎందరి కాపురాలో నా వేళ్ల మీదుగానే ముక్కలయ్యాయి.

అలాంటిదాన్ని, రెండు నెలల కిందట మా ఆయన గోడ మీది పెళ్లి ఫోటో దించి "అద్దం పగిలింది, వేయించుకొస్తా" అంటే, "చెయ్యి కోసుకుంటుంది, జాగ్రత్త" అన్నాను. దీపం కింద చీకటంటే ఇదే.

నిన్న కోర్టు కాగితాలు ఇంటికొచ్చాయి. ఆయన విడాకులు కోరాడు. ఆ ఫోటో కూడా జత చేశాడు. అలవాటు కొద్దీ తప్పులు వెతుకుతూ చదివి, ఏడో పేరా దగ్గర ఆగిపోయాను. "భర్త ఇంటికి వచ్చే వేళకు ప్రతివాది కావాలనే స్నానాల గదిలో దూరి, ఆయన పడుకునేదాకా కుళాయి తిప్పి కూర్చుంటుంది."

నిజమే. బకెట్ బోర్లించుకుని కూర్చునేదాన్ని. ఆయన చెయ్యి లేచే వేళ అదే. నేను స్నానం చేస్తున్నాననే ఆయన అనుకునేవాడు. అసలు సంగతి లోకంలో ఒక్క మనిషికే చెప్పాను, పక్క బల్ల మీద టైపు చేసే వదినకు. వరసకు కాదు, పిలుపుకే వదిన. పదకొండేళ్లుగా మధ్యాహ్నం ఒకే డబ్బాలో తిన్నాం. నా వీపు మీది కమిలిన చోట మందు రాసింది కూడా ఆవిడే. ఈ పేరా ఇలాగే నిలిస్తే కోర్టులో దోషిని నేనవుతాను.

పొద్దున్నే వెళ్లి కాగితాలు ఆవిడ బల్ల మీద పెట్టాను.

"నువ్వేనా ఇది టైపు కొట్టింది?"

వదిన కాగితాలు అంచులు సరిచేసి పక్కకు జరిపింది. "మీ ఆయన వచ్చి టైపు చేయమని అడిగాడే. ఎలాగూ నువ్వు సుఖంగా లేవు కదా, పీడ వదిలిపోతుందిలే అనుకున్నా."

"నన్నడగాలని తోచలేదా?"

"అడిగితే వద్దంటావని."

"నా డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు కూడా తోచలేదా?"

ఆయన మీది కోపం పాతదే, దానికి అలవాటు పడ్డాను. ఈవిడ మీది కోపం కొత్తది.

పని మీద వచ్చేవాళ్ల కోసం వేసిన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "కౌంటరు వేయాలి. కొట్టు."

"నేనా?"

"పేరా కొట్టినదానివి, జవాబు కూడా నువ్వే కొట్టాలి."

ఆవిడ వేళ్లు మీటల మీదకు చేరాయి. నేను చెబుతూ పోయాను. "ఏడో పేరాలోని సంగతి నిజం. దెబ్బలకు భయపడి ప్రతివాది అలా కూర్చునేది. ఆ సంగతి తన మనిషి అనుకున్న ఒకరికే చెప్పుకుంది. ఎందుకు కూర్చునేదో కూడా చెప్పింది. ఆ కారణం మాత్రం పిటిషన్‌లో రాయలేదు. కనుక ఆ మనిషిని సాక్షిగా పిలిపించమని ప్రార్థన."

మీటల చప్పుడు ఆగింది.

"సాక్షి పేరు?" అంది తల ఎత్తకుండా.

"నీకు తెలుసుగా. కొట్టు."

ఆవిడ ఒక్కో అక్షరమే కొట్టింది. నేను లేచి, వెనక నిలబడి తప్పులు చూశాను.