పిండి మిల్లు పెరటి తలుపు

గంగులప్ప పరువు తీసింది అతని సొంత వెబ్‌సైటు. ఇందులో వాదించేందుకు ఏమీ లేదు.

పుంగనూరులో అతనికి పిండి మిల్లు ఉంది. ముందు వాకిట్లో రాగులు, బియ్యం ఆడిస్తాడు. పెరటి వైపు ఇంకో తలుపుంది. నలభై ఏళ్లుగా అక్కడ మొలల మందు ఇస్తారు. భార్య ప్రమీలమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆకుపొడి అది. మజ్జిగలో కలిపి తాగాలి. నాలుక మీద పెట్టలేనంత చేదు. మందుతో పాటు ఆమె ఒక పద్ధతి కూడా పెట్టింది. వచ్చినవాళ్ల పేరు అడగకూడదు. ముఖం చూడకూడదు. "ఎన్ని దినాలకు?" అని మాత్రం అడగాలి. పొట్లం సంచి అడుగున పెట్టి, పైన రాగిపిండి పోసి ఇవ్వాలి. సంచితో పోయే మనిషిని చూసి పిండి ఆడించుకుని పోతున్నాడనే ఊరు అనుకునేది. తాసిల్దారు మొదలు తాపీ మేస్త్రీ దాకా ఆ తలుపు తట్టినవాళ్లే. ఒక్కరి పేరూ బయటికి పొక్కలేదు.

మూడేళ్ల కిందట ప్రమీలమ్మ పోయింది. తనకంటే ముందు పోయినందుకు గంగులప్ప ఆమెను ఇంకా క్షమించలేదు. ఆమె పోయాక ఆడవాళ్లు పెరటి తలుపు తట్టడం మానేశారు. మగవాడి ముందు నిలబడి ఆ మందు అడగడానికి ఎవరికి నోరొస్తుంది? అలా అని వాళ్ల బాధ తగ్గదు కదా. నొప్పి ఓర్చుకుంటూ ఇళ్లలోనే ఉండిపోయారు. అది గంగులప్పను ముల్లులా పొడిచేది.

"వెబ్‌సైటు పెడదాం మామా. మొగం సూపియ్యకుండా మందు తెప్పించుకుంటారు" అన్నాడు నవీన్. ప్రమీలమ్మ అన్న కొడుకు. అంగళ్లు ఊరి కాలేజీలో ఇంజనీరింగు చదివి, మదనపల్లెలో వెబ్‌సైట్లు చేసే ఆఫీసు నడుపుతున్నాడు. అన్నట్టే పెట్టాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కుప్పం నుంచి కుప్పుస్వామి వచ్చాడు. రిటైరైన హెడ్‌మాస్టరు. పెరటి వైపు నుంచి కాదు, ముందు వాకిలి నుంచే వచ్చాడు. చేతిలో సంచి కూడా లేదు. గంగులప్ప అతని వాలకం చూసి, ముందుగా లేచి మిల్లు ఆన్ చేశాడు. ఆ హోరులో ఎవరేం మాట్లాడినా వీధిలోకి వినపడదు.

"ఏమప్పా గంగులప్పా, పదేండ్లుగా నీ మందు తాగుతాండా. మా ఇంటిదానికి గూడా తెలీదు. ఇప్పుడు కుప్పానికంతా చెప్పినావు గదా!"

"నేనా? నా నోట్లో నుంచి మాటొచ్చిందా?"

"నీ సైటు నుంచి వచ్చింది. మందు పోస్టులో వస్తాదేమోనని ఒక్కసారి తెరిచి సూసినా. మొన్న మనవరాలి నిశ్చితార్థం. కల్యాణ మంటపంలో పాట పెడదామని అల్లుడు నా ఫోను పెద్ద తెరకు తగిలించినాడు. పాటకు ముందు ఏమొచ్చిందో తెలుసునా? 'మొలలతో కూర్చోలేకపోతున్నారా?' అని ఏదో ఆస్పత్రి ప్రకటన. గోడంత బొమ్మ! రెండో పాటకూ అదే. మూడో పాటకూ అదే. 'ఫోన్లో మనం ఏం సూస్తే అదే మన ఎంట పడతాది' అని పెండ్లికొడుకు సెల్లెలు అందురికీ వినపడేట్టు చెప్పె."

"ఆ పైన?"

"ఆ పైన ఏముండాది? భోజనాల కాడ పెండ్లికొడుకు నాయన నా కుర్చీలో దిండు పెట్టినాడప్పా!"

గంగులప్ప నవ్వలేదు. మిల్లు ఆపి, తాళం వేసి, మదనపల్లె బస్సెక్కాడు.

నవీన్ ఆఫీసు ఒక టైల్స్ షాపు మీద ఉంది. విషయం విని అతను భయపడలేదు సరికదా, మురిసిపోతూ కంప్యూటరు తిప్పి చూపించాడు.

"అది ఉచితంగా వచ్చే కోడు మామా. ఫోన్లో ఏమన్నా వెతికితే సూపిస్తాదే, ఆ వెతికే కంపెనీ వాళ్లిస్తారు. యా ఊరోళ్లు వచ్చినారు, ఏం సూసినారు, ఎంతసేపుండారు, అన్నీ చెప్తాది. సూడు, కుప్పం నుంచి ఏడు మంది, సోమల నుంచి నలుగురు, కలకడ నుంచి..."

"మూసెయ్ రా!" గంగులప్ప కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ముఖం చూడకూడదన్న పద్ధతి ఇక్కడా పద్ధతే. "ఇదంతా ఆ కంపెనీకీ తెలుస్తాదా?"

"వాళ్లకు తెలిసినాకే మనకు తెలిసేది. దాన్ని బట్టే ఎవురికి యా ప్రకటన ఎయ్యాలో సూసుకుంటారు."

"అంటే నా పెరటి తలుపు కాడ ఒకన్ని కూర్చోబెట్టి, వచ్చినోళ్లనంతా రాయిస్తాండావు. ఊరికే పని చేస్తాడంటే, వానికి కూడు పెట్టేది ఎవురని అడగలేదు."

"అబ్బా, అందురూ పెట్టేదే మామా. తప్పు చేసినోళ్లకు గదా భయం. నన్ను సూడు, నా ఫోన్లో దాచుకునేది ఏమీ లేదు. నా పెండ్లాం దీపిక ఎప్పుడంటే అప్పుడు తీసి సూసుకుంటాది."

నలభై ఏళ్లు నలుగురి గుట్టు కాపాడినవాడికి, దాచుకునేది లేదని గొప్ప చెప్పుకునేవాడంటే ఒళ్లు మండుతుంది.

"ఆ కోడు పీకెయ్. ఇంకా ఎవురెవురుండారు ఆడ?"

నవీన్ తల గోక్కున్నాడు. దారి చూపే మ్యాపు ఆ కంపెనీదే. సైటులో పెట్టిన వీడియో ఆ కంపెనీదే. అక్షరాల ఫాంటు కూడా, పేజీ తెరిచిన ప్రతిసారీ వాళ్ల దగ్గర నుంచే వస్తుంది. అప్పుడూ వాళ్లకు తెలుస్తుంది.

"అక్షరాలు గూడా వాళ్లింటి నుంచేనా? మనకు లేవా? అన్నీ పీకెయ్."

"మ్యాపు తీసేస్తే దారెట్ల తెలుస్తాది?"

"'పుంగనూరు బస్టాండులో దిగి పిండి మిల్లు యాడని అడగండి' అని రాయి. సైటు పేరు మార్చు. 'ప్రమీలమ్మ రాగిపిండి' అని పెట్టు. ఆ వెతికేవాన్ని గడప తొక్కొద్దని చెప్పు."

"అట్ల చేస్తే వెతికినా దొరకదు మామా!"

"మీ అత్త యాడన్నా బోర్డు కట్టిందా? తెలిసినోళ్లు తెలియనోళ్లకు చెప్తారు."

గంట పని అన్నాడు నవీన్. "అంతదాకా నీ ఫోనియ్యి" అని గంగులప్ప చెయ్యి చాపాడు. ఫోను పట్టుకుని మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాడు. అతనికి టైపు చేయడం రాదు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడటం వచ్చు.

"నాకు మొలలుండాయి" అని ఫోనుకు చెప్పాడు. "కూర్చోలేకపోతాండాను. మదనపల్లెలో డాక్టరు యాడుండాడు?" ఫోను ఏది చూపిస్తే అది నొక్కాడు. వీడియోలన్నీ చివరిదాకా చూశాడు. ఒక ఆస్పత్రి వయసు అడిగితే నవీన్ వయసే చెప్పాడు. అనవసరంగా అబద్ధమాడటం అతనికి గిట్టదు.

ఆ వారంలోనే కుప్పుస్వామి సంచితో పెరటి వైపు వచ్చాడు. కొత్త సైటు చూసుకుని నమ్మకం కుదిరినట్టుంది. గంగులప్ప అతని ముఖం చూడలేదు, ఎన్ని దినాలకని మాత్రం అడిగాడు.

మరో మూడు రోజులకు తలుపు మళ్లీ చప్పుడైంది. ఈసారి గాజుల సవ్వడి. మూడేళ్లలో ఆ తలుపు తట్టిన మొదటి ఆడమనిషి. కొంగు ముఖం మీదికి లాక్కుని, గొంతు మార్చి, "పది దినాలకియ్యండి" అంది. ఎంత మార్చినా అది నవీన్ భార్య దీపిక గొంతే.

ఆ ఫోనులో మొలల సంగతి వెతికింది తానేనని ఒక్క మాట చెబితే చాలు, ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోయేది. కానీ ఆ మాటతో పాటు తాను గుర్తుపట్టిన సంగతీ చెప్పినట్టే. ఆ తర్వాత ఏ ఆడది ఈ తలుపు తడుతుంది? గంగులప్ప పొట్లం అడుగున పెట్టి, పైన పిండి పోసి, తల దించుకునే ఇచ్చాడు.

ఎనిమిదో రోజు నవీన్ వచ్చాడు. చిక్కిపోయాడు.

"మామా, దీపిక నా ఫోన్లో మొలల ప్రకటనలు సూసింది. కోడికూర లేదు, కారం లేదు. పొద్దునా సాయంత్రం ఆ మజ్జిగే. ఆఫీసు కుర్చీకి దిండు గూడా కుట్టి పంపింది. నాకేం లేదు తల్లీ అంటే, 'సిగ్గెందుకు, నా కాడ దాచుకోవద్దు' అంటాది! ఆ దినం ఫోను నీ చేతిలో ఉన్నిందని ఒక్క మాట చెప్పు మామా. దీపిక మందు నీ కాడికొచ్చే గదా తీసుకుండేది?"

గంగులప్ప జవాబివ్వకముందే పెరటి తలుపు చప్పుడైంది. మళ్లీ గాజులు. ఈసారి ఇద్దరివి. దీపిక ఎవరికో చెప్పింది.

"ఎవురు మామా?"

"ఎవురో పిండికొచ్చినారు." గంగులప్ప లేచాడు. "ఈ ఇంట్లో ఎవురొచ్చినారు, ఎవురు పోయినారు అనే మాట లేదు నవీనా. మీ అత్త లేకుండా చేసి పోయింది. ఇంక నా కాడ ఆ ముచ్చట ఎత్తొద్దు."

నవీన్ ఇప్పటికీ వచ్చి అడుగుతుంటాడు. అడిగినప్పుడల్లా గంగులప్ప లేచి మిల్లు ఆన్ చేస్తాడు.