ఇంజనుకు బలం మందు

సముద్రం మీంచి వచ్చిన పొగమంచు ఆ కొరియా ఊరినంతా కప్పేసింది. ఆ తెలుపులో దో గిటే అనే పెద్దాయన కారు నీలంగా పొగ వదులుతూ, టకటకా కొట్టుకుంటూ వచ్చి ఛా మెకానిక్ షెడ్డు ముందు ఆగింది.

ఆ కారు ఆయన భార్య పిల్‌న్యోది. సముద్రపు నాచు ఎండబెట్టి అమ్మిన డబ్బుతో కొనుక్కుంది. కొన్న రోజున చక్రాల మీద బియ్యం కల్లు పోసి మొక్కి, దిష్టి తగలకుండా దారం చుట్టిన ఎండుచేపను డిక్కీలో దాచింది. ఆమె పోయి నాలుగేళ్లయింది. వచ్చే నెల కారుకు తనిఖీ. పొగ తగ్గకపోతే తుక్కు కిందకి పోతుంది. పిల్‌న్యో పట్టుకున్న స్టీరింగును ఎవడో కోసి పారేస్తాడని తలుచుకుంటే గిటేకి అన్నం సయించడం లేదు.

పెద్దల్ని తలుచుకునే చుసోక్ పండగలోపు ఆమె సమాధి మీద గడ్డి కోయాలి. అందుకే పిల్‌న్యో చెల్లెలు పిల్‌ర్యే కూడా కొడవలి పట్టుకుని వచ్చింది. ఆమె సంచిలో కొడవలితోపాటు ఒక సీసా ఉంది.

“టీవీలో చూపించారు బావా. ఇంజనాయిల్లో కలిపితే చాలట. ఇంజనుకు బలం మందంటున్నారు. మా పక్కింటాయన లారీ ఇది తాగాక కొత్తపెళ్లికూతురిలా నడుస్తోందట.”

“కొత్తపెళ్లికూతురు ఎలా నడుస్తుందో ఆయనకేం తెలుసమ్మా? పెళ్లే కాలేదుగా!” అన్నాడు ఛా, బానెట్ ఎత్తుతూ.

“నీ నవ్వులు తర్వాత. పొయ్యొచ్చా, లేదా?”

ఛా సీసాను వంచి చూశాడు. “పొయ్యొచ్చు. ఇది చిక్కటి జిగురు. అరిగిన సందుల్లో నిలబడుతుంది. పొగ తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. అరిగిన ఇనుము మాత్రం తిరిగి పెరగదు. కొన్నాళ్లకు మళ్లీ మామూలే. మంచి ఆయిల్లో కలపాల్సినవన్నీ ముందే కలిపి అమ్ముతారు. నేనైతే ఇంకాస్త చిక్కటి ఆయిల్ పోసి, మట్టం చూసుకుంటూ ఉండమంటాను. నిజంగా బాగవ్వాలంటే ఇంజను విప్పాలి.”

“విప్పితే?” అన్నాడు గిటే.

“ఇంత ముసలి బండి, పెద్దాయనా. విప్పాక లోపల ఇంకేం బయటపడుతుందో!”

గిటే సీసా లాక్కుని మరదలి సంచిలోకి తోసేశాడు. “మీ ఇంటి మందులు చాలు నాకు.”

ఆమె ముఖం తిప్పుకుంది. ఆ మాట దేని గురించో ఇద్దరికీ తెలుసు. పిల్‌న్యో దగ్గుతున్న రోజుల్లో బలానికి తాగే నల్లమేక రసం పొట్లాలు పెట్టెలకొద్దీ మోసుకొచ్చింది ఈమే. పిల్‌న్యో తాగింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. తేరుకుందని అందరూ అన్నారు. ఆ నెలంతా ఎవరూ ఆసుపత్రి మాట ఎత్తలేదు. తర్వాత ఎత్తినా లాభం లేకపోయింది. గిటే మరదల్ని క్షమించలేదు. ఏటా భార్య తద్దినానికి ఆమెకు అన్నం పెట్టాడు, ముఖం చూడలేదు.

ఛా కాస్త ఆయిల్ పోసి మరో బండి కిందకి దూరాడు. భార్య సమాధి దగ్గర పొయ్యడానికి కల్లు కొందామని గిటే పక్క కొట్టుకు వెళ్లాడు. తిరిగొచ్చి, మరదల్ని ఎక్కించుకుని బయల్దేరాడు.

కనుమ ఎక్కేసరికి మంచు మరీ చిక్కబడింది. కొండ లేదు, లోయ లేదు. గిటే అద్దంలోకి చూశాడు. వెనక అంతా తెలుపే, నీలం పొగ లేదు. టకటక ఎప్పుడాగిపోయిందో తెలియలేదు. నిద్రలో ఉన్న మనిషి ఊపిరిలా ఉంది ఇంజను. కారు నేల మీద కాక, దేని మీదో తేలుతున్నట్టుంది. నాచు వాసన వేసింది. పక్క సీట్లో పిల్‌న్యో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎక్కడికని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇలా ఎంతసేపైనా పోవచ్చనిపించింది. ఆమె ఇటు తిరిగింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

ఆ ఎరుపు ఆయనకు తెలుసు. బ్రేకు తొక్కాడు. పక్కనున్నది పిల్‌ర్యే.

“ఆ మందు పోశావా?”

“పోశాను.”

“ఛా చెప్పింది వినలేదూ?”

“విన్నాను. పొయ్యొచ్చన్నాడు.”

“దిగు.”

“దిగను. ఈ మంచులో పులి ఎత్తుకుపోతుంది.”

“ఈ కొండల్లో పులులెక్కడివి?”

“ఒకటుంది. కారు నడుపుతోంది.”

గిటే నవ్వలేదు. పిల్‌ర్యే కూడా నవ్వు ఆపేసింది.

“ఆ నెల అక్క రోజూ నన్ను ఈ కారులో సముద్రం ఒడ్డున తిప్పింది బావా. నువ్వు పొలానికెళ్లగానే బయల్దేరేవాళ్లం. పాడుతూ నడిపేది. జబ్బు తగ్గలేదని దానికి తెలుసు. ఆ రసం తాగితే కాస్త ఓపికొస్తోంది, ఉన్నంతసేపు తిరుగుదాం అంది. నీతో చెప్పొద్దంది.”

“ఎందుకు?”

“ఆసుపత్రికి ఈడ్చుకుపోతావని.”

“ఈడ్చుకుపోయేవాణ్ణే!” అని అరిచాడు గిటే. గొంతు మంచులో ఎక్కడికీ పోలేదు. క్షమించకూడని మనిషి ఇన్నాళ్లూ ఒక్కతే. ఇప్పుడు ఇద్దరు.

“నిన్ను క్షమించలేదు.”

“తెలుసు.”

“దాన్ని కూడా.”

“దానికీ తెలుసు. అందుకే చెప్పొద్దంది.”

ఇంజను చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. ఎన్నాళ్లో తిరగదని ఆయనకు తెలుసు. కనుమ దిగితే సమాధికి తిన్నగా ఒక దారి. ఎడమకు తిరిగితే ఒడ్డు వెంట చుట్టుదారి.

గిటే ఎడమకు తిప్పాడు.

“ఎక్కడెక్కడ తిప్పిందో చూపించు,” అన్నాడు.