మెడ వెనుక ఎండాకాలం

"ఎండాకాలమే రాలే, అప్పుడే కూలరేంది?" అన్నాడు దయాకర్, పేపర్లోంచి తల ఎత్తకుండానే. అతని భార్య స్వర్ణలత అడగడమైతే అడిగింది గానీ జవాబు ఆమెకు ముందే తెలుసు. నాచారంలోని ఆ ఇంట్లో ఎండాకాలం దానంతటది రాదు, తల్లీకొడుకులు పిలిస్తేనే వస్తుంది. ఉప్పల్‌లో సైంటిస్టు ఉద్యోగం చేసే దయాకర్ లెక్కలో, మార్చి ఇరవై ఒకటిన పగలూ రాత్రీ సమానమైతే గానీ ఎండ ఎండ కాదు. అతని తల్లి శారదమ్మకు ఉగాది పచ్చడి నాలుకకు తగలాలి. ఆ ఏడు ఉగాదేమో ఏప్రిల్‌లో పడింది. ఇద్దరూ రోజూ టీ తాగుతూ ఈ సంగతే వాదించుకుంటారు, అదో సరదా వాళ్లకు. ఆ టీ కాచే వంటగదిలో పడమటి గోడ మాఘమాసంలోనే కాలిపోతుందని వాళ్లకు తెలియదు. తెలుసుకునే అవసరం ఎప్పుడొచ్చింది గనక.

కూలర్ తీసినా హాల్లోకే వెళ్తుంది. గడ్డి మార్చేది, బకెట్లతో నీళ్లు పోసేది స్వర్ణలత. గాలి టీవీ ముందు కూర్చున్నవాళ్లది. పోయినేడు ఒక్క పూట వంటగదిలో పెట్టమంటే, "నువ్వు ఆడ ఉండేదెంతసేపు?" అన్నాడు దయాకర్. ఎంతసేపో ఆమె చెప్పలేదు. చెప్పుకోవాల్సి రావడమే చిన్నతనంగా అనిపించింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. స్వర్ణలత వాళ్లమ్మ అడక్కుండానే పెట్టేది. మౌలాలి గుట్ట కింద, రైలు పట్టాల పక్కన వాళ్లిల్లు. బడికి పంపేముందు జడలల్లుతూ మెడ వెనుక అరచెయ్యి ఆనించి చూసేది. ఏదో ఒక పొద్దున చెమట తగిలి ఆ చెయ్యి అక్కడే ఆగేది. "ఎండలొచ్చినయ్ బిడ్డా" అనేది. ఆ రాత్రే మంచాలు వాకిట్లోకి వచ్చేవి. నాన్న పంచాంగం తీసి వాదించిన గుర్తు లేదు. అమ్మ పోయాక ఆ మెడ మీద ఎవరూ చెయ్యి వేసి చూడలేదు. నిజానికి స్వర్ణలతకు కావలసింది కూలర్ కూడా కాదు. నీకు ఉక్కపోస్తుందా అని ఒక్క మాట. ఆ మాట కోసం ఎన్ని ఎండాకాలాలు ఎదురుచూసిందో తల్చుకుంటే ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం జొన్నరొట్టె చరుస్తూ చరుస్తూ ఆగి, పిండి చెయ్యి కడుక్కుని, తన మెడ వెనుక తానే పెట్టుకుంది. తడి. చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

"ఎండలొచ్చినయ్ బిడ్డా" అంది పైకే.

పొయ్యి కట్టేసి, బాల్కనీలో దుప్పటి కప్పుకుని ఉన్న కూలర్‌ను ఈడ్చుకొచ్చింది. మంటకు గాలి తగలకుండా, తాను నిలబడే చోటికే తిప్పి పెట్టింది. కాసేపటికి శారదమ్మ పీట తెచ్చుకుని పక్కనే కూర్చుని ఎల్లిపాయలు ఒలవసాగింది.

సాయంత్రం దయాకర్ వంటగది గుమ్మంలో నిలబడిపోయాడు. "ఎండాకాలం వచ్చిందని ఎవరు జెప్పిన్రు?"

స్వర్ణలత రొట్టె తిరగేసింది.

"నాకైతే వచ్చింది. మీకొచ్చిననాడు జెప్పుండ్రి."