బల్లకు ఇద్దరు

బావ మెడలోని గుర్తింపు కార్డును నవ్వుల మేనేజరు తన చేత్తోనే తీశాడు. తిట్టి తీసినా ఇంత కడుపు మండేది కాదు. నిద్రపోతున్న పసివాడి మెడలోంచి గొలుసు తీసినంత సుతారంగా తీసి, "విశ్రాంతి తీసుకోండి" అని నవ్వాడు. పక్కనే ఉన్న ఫిట్టరు మామ తల ఎత్తలేకపోయాడు.

ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరికీ అతను మామే. బావ మాత్రం నిజంగానే అతని చెల్లెలి మొగుడు.

పందెం బైకుల పాత ఇంజను నాలుగు సిలిండర్ల బండరాయి. దాన్ని బల్లమీద అటూ ఇటూ తిప్పాలంటే ఇటు మామ, అటు బావ పట్టాల్సిందే. ఇద్దరి నడుములూ దానికే అరిగాయి. ఈమధ్య కంపెనీ దాన్ని మానేసి, రెండు సిలిండర్ల ఇంజను తెచ్చింది. తేలిక, చవక, సగం సామానుతో అయిపోతుంది. మామకు అది నచ్చింది. నచ్చడమే కొంప ముంచింది. మూలనపడ్డ గొట్టానికి బేరింగు తగిలించి, ఇంజను ఒంటిచేత్తో గిర్రున తిరిగే స్టాండు తయారుచేశాడు. ఇక నడుం బతికిందని ఇద్దరూ సంబరపడ్డారు. అది చూసి ప్రతి బల్ల దగ్గరా పోటీపడి అలాంటివే చేసుకున్నారు. మేనేజరు చప్పట్లు కొట్టి అందరికీ టీ పోయించాడు. ఆ టీ అరగకముందే, బల్లకు ఒక్కడు చాలన్నాడు.

ఆ సాయంత్రం గేటు బయట రేకుల నీడలో అందరూ చేరారు. ఉద్యోగం ఉన్నవాళ్ళు ఒక పక్క, పోయినవాళ్ళు ఒక పక్క.

"పాత ఇంజనే చెయ్యాలని పట్టుబడదాం!" అన్నాడు సంఘం కార్యదర్శి.

"చేస్తే ఎవడు కొంటాడయ్యా? మీ తాతా?" అంది వైరింగ్ అక్క.

గేర్ల ఫిట్టరు గొంతు తగ్గించాడు. "పోయినవాళ్ళు పోయారు. ఉన్నవాళ్ళమన్నా బతకాలి కదా?"

"బతుకు. రేపు రెండు బల్లలకు ఒక్కడు చాలంటాడు. అప్పుడూ ఇదే చెప్పు" అంది వైరింగ్ అక్క.

బావ ఎవరివైపూ చూడలేదు. "మంచి స్టాండే చేశావోయ్ మామా. నా పొట్టమీద ఎంత నున్నగా తిరుగుతుందో!" అన్నాడు.

మామ లేచాడు. ఉపన్యాసాలు అతనికి చేతకావు. "ఇంజనుతో మనకు తగువు లేదు. బరువు తగ్గింది, మంచిదే. తగ్గిన బరువు మన నడుముకు తగ్గాలి గానీ, వాడి జీతాల ఖర్చుకు తగ్గితే ఎట్లా? అదే మనుషులు, అదే జీతం, పని గంటలు తక్కువ. అట్లా ఒప్పుకునేదాకా నా స్టాండు వాడికి లేదు, విప్పేస్తా." అని కూర్చున్నాడు. అలసిపోయినట్టున్నాడు.

మర్నాడు షిఫ్టు మొదలవగానే పానా తీసుకుని విప్పడం మొదలుపెట్టాడు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ఆ మొహంలో మొదటిసారి నవ్వు లేదు.

"అది కంపెనీ ఆస్తి!"

"కంపెనీ ఎప్పుడు కొన్నది? ఆ టీతోనా?"

వైరింగ్ అక్క తన బల్ల దగ్గర బోల్టు తిప్పింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. గొట్టాలు ఖంగుఖంగున నేలమీద పడ్డాయి. మేనేజరు పిలిపించిన పోలీసులొచ్చి మామ రెక్క పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు, అంత ఓపిక లేదు.

మేనేజరు గేర్ల ఫిట్టరు భుజంమీద చెయ్యి వేశాడు. "నువ్వు తెలివైనవాడివి. నీది విప్పలేదు. పని మొదలుపెట్టు."

షెడ్డంతా అతనివైపే చూసింది. గేర్ల ఫిట్టరు పెదాలు తడుపుకున్నాడు. వంగాడు. స్టాండు కింది బోల్టుకు పానా తగిలించి తిప్పాడు. గొట్టం ఊడి కాళ్ళ దగ్గర పడింది.

"నాకూ నడుం నొప్పేనండీ. ఇంకో మనిషి కావాలి."

"ఇదేం పెద్ద బరువు? ఒక్కడు ఎత్తలేడా?"

"ఎత్తగలడు" అన్నాడు గేర్ల ఫిట్టరు. "ఎత్తడు."

బయట పోలీసు వ్యానులో మామ కళ్ళు మూసుకుని వెనక్కి వాలాడు. ఇంజన్లను మోసుకెళ్ళే బెల్టు చప్పుడు ఆగిపోయింది. షెడ్డులోంచి ఒక్కో బల్లా అందుకుంటూ అదే మాట గేటుదాకా వచ్చింది.

"ఇంకో మనిషి కావాలి."